మాదాపూర్ గ్రహాధిపతి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పీజీ హాస్టళ్లలో ఒక రకం మనిషి ఉంటాడు. జాతకంలో నవగ్రహాలు ఎక్కడున్నాయో ఆయనకు పట్టదు గానీ, ఫోన్‌లో ఉన్న తన తొమ్మిది గ్రహాల్లో ఎక్కడ ఎంత లోహం పోగైందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 2002లో మొదలైన, జర్మనీకి చెందిన గేమ్‌ఫోర్జ్ నడిపే ఓగేమ్ అనే అంతరిక్ష సామ్రాజ్యాల ఆట ఆయన రాజ్యం. అందులో కాలం ఆటగాడి కోసం ఆగదు. ఆయన స్టాండప్ మీటింగ్‌లో తల ఊపుతున్నా, బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కుపోయినా, గనులు తవ్వుతూనే ఉంటాయి, శత్రువుల ఓడలు వస్తూనే ఉంటాయి. బ్యాటిల్‌షిప్‌లు, డెస్ట్రాయర్లు, అవి చాలవన్నట్టు ఒక డెత్‌స్టార్ కూడా ఉందని తెలిసి రూమ్మేట్లు ఆయన్ని యుద్ధపిచ్చోళ్ల కింద జమకట్టేస్తారు. ఆయన మీద ఇంతకన్నా పెద్ద అపవాదు లేదు. ఆయన యోధుడు కానే కాడు, ఓడలు కొనుక్కున్న సంసారి.

రుజువు కావాలంటే రాత్రి పదకొండున్నరకు చూడాలి. పళ్లు తోముకుంటూనే లోహం, స్ఫటికం, డ్యుటీరియం మొత్తం కార్గో ఓడల్లోకి ఎక్కిస్తాడు. వాటికి తోడుగా యుద్ధనౌకలన్నిటినీ కలిపి, వేగం బాగా తగ్గించి, ఏ పనీ లేని దూరపు చోటికి పంపేస్తాడు. వెళ్లి రావడానికి సరిగ్గా ఆయన నిద్రంత సేపు పట్టాలి. ఏడింటికి అలారం, ఏడుంబావుకు ఫ్లీటు. ఈలోగా ఊరి నుంచి ఫోను. “పడుకున్నావా నాన్నా?” “రెండు నిమిషాలమ్మా, ఓడలు పంపేసి పడుకుంటా.” ఆటగాళ్లు దీన్నే ఫ్లీట్‌సేవ్ అంటారు. దాడికొచ్చినవాడు గెలిస్తే గ్రహం మీదున్న నిల్వలో మామూలుగా సగం దాకా ఎత్తుకుపోతాడు. దారిలో ఉన్న సరుకును మాత్రం ముట్టుకోలేడు. అంటే ఆ నౌకాదళమంతా ఫిరంగులు బిగించిన బీరువా.

ఇది పిరికితనం కాదా అని ఎవరైనా అడగొచ్చు. లెక్క చూస్తే కాదు. కూలిన ఓడల్లో పోసిన లోహం, స్ఫటికాల్లో మామూలుగా 30 శాతమే శిథిలాలుగా మిగులుతుంది, దాన్నీ రీసైక్లర్లతో ముందు వచ్చినవాడు ఏరుకుపోతాడు. కాల్చిన డ్యుటీరియం ఎలాగూ తిరిగి రాదు. కాబట్టి సమానులు కొట్టుకుంటే ఇద్దరికీ నష్టమే. లాభమంతా ఒళ్లెరగకుండా నిద్రపోయినవాణ్ణి దోచుకోవడంలోనే ఉంది. ఇలాంటి లోకంలో అలారమే అసలైన ఆయుధం. మరి స్టార్‌క్రాఫ్ట్ లాంటి యుద్ధాల ఆటలో ఏం చేస్తాడని ఇంకో ప్రశ్న. అది బయటికొచ్చింది 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఏడాదే. అక్కడ న్యాయం తలకిందులు. ఖర్చుపెట్టని మినరల్స్ దండగ, చేతికొచ్చిన ప్రతి రూపాయీ వెంటనే సైన్యమో, కొత్త స్థావరమో కావాలి. మన సంసారి శనివారం సరదాగా అక్కడికీ వెళ్తాడు. ఎన్ని మినరల్ గుట్టలకు ఎంతమంది కూలీలు చాలో ఆయనకు తెలుసు, ఆ లెక్క తప్పడు. తీరా 400 మినరల్స్, 300 గ్యాస్ పడే బ్యాటిల్‌క్రూజర్ ఒక్కటి దించి, “ఇంకొకటి కూడా రానీ, అప్పుడు బయల్దేరదాం” అని కూర్చుంటాడు. ఈలోగా శత్రువుల జెర్గ్ గుంపు ఇంట్లోకొచ్చేస్తుంది. ఖజానా నిండుగా ఉండగానే ఓడిపోతాడు. దీంతో నా వాదన వీగిపోదు, ఇంకా బలపడుతుంది. ఆట మారింది, మనిషి మారలేదు.

ఆటలే కుర్రాళ్లను ఇలా తయారుచేస్తున్నాయనే పెద్దల ఫిర్యాదు కూడా నిలవదు. ఈ జాగ్రత్త ఆయన ఓగేమ్‌లో నేర్చుకున్నది కాదు, వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్నాడు. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చోవడమంటే ఏమిటో, లేఆఫ్ మెయిల్ ఏ వేళకు వస్తుందో, ఫ్లాటు ఈఎంఐ ఏ తారీఖున కోస్తారో తెలిసిన మనిషి నిల్వను ఆరుబయట వదిలేసి పడుకోడు. చేతిలో ఒక ఆఫర్ లెటర్ ఉండగా నోటీస్ పీరియడ్‌లో రెండోదాని కోసం తిరగడం ఫ్లీట్‌సేవ్ కాక మరేమిటి? దసరాకు ఊరెళ్తే ఓగేమ్‌లో వెకేషన్ మోడ్ పెడతాడు. గనులు ఆగిపోతాయి గానీ ఎవడూ ఆయన జోలికి రాడు. ఆఫీసులో పెట్టిన లీవుకు ఆ హామీ లేదు.

ఇంట్లో పెళ్లీడు అమ్మాయి ఉన్నవాళ్లు ఆట పిచ్చని ఈ సంబంధాన్ని వదులుకోవద్దు. దుబారా లేదు, తగాదాలకు పోడు, తెల్లారే లేస్తాడు. ముహూర్తం మాత్రం ఫ్లీటు దిగే వేళకు పెట్టించకండి.