శిక్షకజనకుడు

గుంటూరు మిర్చి యార్డుకు ఏటేట మే మాసమున సెలవు లిచ్చుట ఆచారము. ఎండకు హమాలీలు నిలువలేరనియు, ఘాటునకు ఊపిరి సలుపదనియు తలంచి యిచ్చు నీ విరామము కొందఱు కమీషను వర్తకుల యిండ్లలో మాత్రము కొత్త వ్యాపారమునకు ముహూర్తమగుచున్నది. తక్కిన మాసములన్నియు టిక్కీలు, అనగా మిర్చి బస్తాలు, కాటా వేయించి, రంగు చూచి, తొడిమ విఱిచి, ధర పలికిన చేతులు ఊరక యుండనేరవు గదా! బడి మూసివేయగా ఇంటనున్న పదునైదేండ్ల కొడుకు వాటికి దొరకును. ఆ కొడుకు గత సంవత్సరము పాఠశాల పోటీలలో నాలుగువందల మీటర్ల పరుగున రెండవవాడుగా వచ్చియుండుటయే చాలును. అంతవఱకు గృహస్థుడును, వర్తకుడును మాత్రమే యైన యా మహాశయుడు మఱునాటి తెల్లవారుజామున శిక్షకజనకుడై నిద్ర లేచును.

ఈయనను గుర్తించుట కష్టము కాదు. ఉదయము అయిదు గంటలకు బ్రహ్మానందరెడ్డి స్టేడియమునకు పోయి చూడుడు. పరుగెత్తువాడు కొడుకు, రొప్పువాడు తండ్రి. మెడలో ఈల, చేతిలో ఫోను, మణికట్టున నాడి లెక్కించు గడియారము, కాళ్లకు కొడుకు బూట్లకంటె ఇనుమడి ఖరీదుగల బూట్లు; ఆ బూట్లపై నిలిచిన దేహము మాత్రము యార్డు గేటునుండి కొట్టువఱకు తప్ప ఎన్నడును నడచి యెఱుగదు. కొడుకు మలుపు తిరుగునపుడెల్ల "మోకాలు ఎత్తరా! మోకాలు!" అని కేకవేయుట ఆయన సాధన. సాయంకాలపు శిక్షణ వేళ గేటు వెలుపల మిరపకాయ బజ్జీల బండి యొద్ద నిలుచుండి, నూనె కాగితముతో వ్రేళ్లు తుడుచుకొనుచు, చుట్టునున్న వారికి క్రీడాకారులు వేపుళ్లు ముట్టరాదను విషయమును విపులముగ బోధించుచుండును.

ఈయన విద్య యంతయు శ్రుతపాండిత్యము. కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరన్న కథ తాతవలన విన్నాడు. కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో 240 కిలోలతో కాంస్యపతకము గెలిచినదన్న సంగతి కంఠస్థము. ఆ 240 కిలోలు ఇంచుమించు ఆరు టిక్కీలని వెంటనే మార్చి చెప్పగలడు కూడ. అది రెండు ఎత్తుల మొత్తమే కాని ఒక్కసారిగా ఎత్తినది కాదని యెవరైన సవరించినచో నొచ్చుకొనును. ఇక 2016 రియో క్రీడలకు ముందు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు సింధు ఫోను మూడు నెలలు తీసి దాచి, ఐస్‌క్రీము మాన్పించెనన్న వార్త ఈయనకు శిలాశాసనము. అది తెలిసిన నాడే కొడుకు ఫోను జప్తు చేసెను. జప్తు చేసిన సొత్తు వృథాగా పడియుండరాదన్నది వర్తకన్యాయము గనుక దానిని తన చేతనే యుంచుకొని, రాత్రి పదునొకండు గంటలవఱకు అందులో కండలు పెంచు విధానములను వీక్షించుచు, ఏదేని నూతనరహస్యము దొరకినచో పక్కగదిలో నిద్రించు పిల్లవానిని తట్టిలేపి, "ఒరేయ్, అరటిపండు పరుగుకి ముందే తినాలంటన్నాడ్రా, తర్వాత కాదంట" అని అప్పటికప్పుడే తెలియజేయును. ఆనాటి సింధుకు ఇరువదియొక్క యేండ్లు నిండినవనియు, పోటీ ముగిసిన పిదప గురువు ఫోను తిరిగి యిచ్చివేసెననియు ఉన్న భాగము ఆయన చదివిన పత్రికలో చినిగిపోయినది కాబోలు.

ఆహారప్రకరణము మిక్కిలి రసవంతమైనది. తెల్లవారక మునుపే స్టీలు గ్లాసులో మూడు పచ్చి గ్రుడ్లు పగులగొట్టి పోసి, వంటింటి గుమ్మములో నిలువబడి, ఆయన పుత్రుని పిలుచును. పిల్లవాడు వచ్చి, గ్లాసులోనికి చూచి, ముక్కు మూసికొని, తల్లివైపు తిరుగును; తల్లి గోడవైపు తిరుగును.

"మందనుకోని తాగెయ్యరా. ఉడకబెడితే బలమంతా నీళ్లలో పోద్ది."

వరండాలో జపమాల త్రిప్పుచున్న నాయనమ్మ జప మాపి, "అబ్బాయ్, కోడి కూడా దాన్ని కడుపు కింద పెట్టుకుని వెచ్చబెట్టిందాకా పైకి వదలదు గదరా, నువ్వేందిరా పచ్చిది పోస్తన్నావు?" అనును.

శాస్త్రము నాయనమ్మ పక్షముననే యున్నది. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులను శరీరము ఇంచుమించు నూటికి తొంబది పాళ్లు గ్రహించుననియు, పచ్చిదానిలో సుమారు సగము వ్యర్థమగుననియు పరిశోధకులు తేల్చి చాలకాలమైనది. కాని శాస్త్రము జపమాల పట్టుకొని వరండాలో కూర్చున్నచో ఎవరు లక్ష్యపెట్టుదురు?

పిమ్మట ఫ్రిజ్జుపై సింహాసనస్థమైయున్న పెద్ద నల్లడబ్బా దిగును. దానిపై కండలు తిరిగిన యొక పురుషుని బొమ్మ కలదు. ఆ బొమ్మయే సగము వెల యని నా యభిప్రాయము. పాలు విఱిగినపుడు తేరు నీటినుండి తీసిన పొడి యది. ఈ రహస్యము బయటపడిన నాడు నాయనమ్మ, "విరిగిన పాల నీళ్లకు మూడు వేలా! ఇన్నేళ్లలో నేను పారబోసిన దాంతో మిద్దె లేచేది గదరా!" అని గుండె బాదుకొన్నది. ఆ డబ్బాలోని యొక స్కూపులో నుండు మాంసకృత్తులు సుమారు ఇరువదినాలుగు గ్రాములు, అనగా నాలుగు కోడిగ్రుడ్లలో నుండునంత. యాబది కిలోల బరువుగల పరుగు పిల్లవానికి దినమునకు అరువది మొదలు ఎనుబది గ్రాములు చాలును. అన్నము, ముద్దపప్పు, ఉడికిన గ్రుడ్లు రెండు, గ్లాసెడు పాలు, గడ్డపెరుగు, గుప్పెడు వేరుసెనగపప్పు కలసిన ఆ లెక్కలో అధికభాగము డబ్బా మూత తీయకయే పూర్తియగును. తండ్రి యీ లెక్క యొప్పుకొనడు. రాగిజావ ముసలివాండ్ర తిండి యని త్రోసివేసి, అదే రాగిపిండిని రంగుల డబ్బాలో కొని తెచ్చి పాలలో కలిపి పట్టును. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదన్న మాట యా డబ్బాపై ముద్రింపబడిన నాడే ఆయనకు రాగిచేనుపై గౌరవము కుదిరినది.

ఆహారమును మించినది తూనిక. యార్డునకు సెలవు గనుక కొట్టులోని కాటా ఇంటి వసారాలోనికి వచ్చినది. ఉదయము పరుగునకు ముందొకసారి, తరువాత నొకసారి పిల్లవానిని దానిపై నిలిపి, అంకెను ఖాతాపుస్తకమున వ్రాయును. మొదట 51, తరువాత 50. "కిలో తరుగు!" అని ఆయన నెత్తి పట్టుకొనును. ఏ రైతు బస్తాలో తరుగు తీసినపుడును ఆయన ముఖ మింత వాడియుండలేదు. ఆ తరుగు పూడ్చుటకై ఇడ్లీలు, అట్లు, మఱల నల్లడబ్బా. ఒక గంటలో దేహము కోల్పోయినది కండ కాదు, చెమట. లీటరు, లీటరున్నర నీరు నిదానముగ త్రాగించిన ఆ కిలో తనంత తాను తిరిగి వచ్చును. అయితే నీటికి ఆయన కాటాలో స్థానము లేదు. పైగా పరుగు నడుమ నీరు త్రాగినచో డొక్కలో పట్టుననియు, ఊపిరి పొట్టియగుననియు ఆయన బాల్యమున విన్నాడు. శిక్షణలో ప్రతి పావుగంటకును నాలుగు గ్రుక్కలు త్రాగవలెననియు, దాహము వేయువఱకు ఆగుట ఆలస్యమనియు ఫోనులో చెప్పినవారు లేకపోలేదు. వారి ముంజేతులు సన్ననివగుటచే ఆయన వారిని నమ్మలేదు.

రోహిణి ఎండలకు రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పినది రోళ్ల సంగతి కదా యని ఆయన వ్యాఖ్యానము. కార్తె ప్రవేశించిన మూడవనాడు, తొమ్మిది గంటలు దాటిన పిదపను, "లాస్టు రౌండు" అని నాలుగవసారి ప్రకటించినపుడు, పిల్లవాడు మలుపు వద్ద పిక్క పట్టుకొని కూలబడినాడు. ఆ మైదానమున నడచు శిక్షణ శిబిరమునకు శిక్షకుడుగా నున్న వ్యాయామోపాధ్యాయుడు పరుగున వచ్చి, నీడకు చేర్చి, తలపై తడిగుడ్డ వేసి, ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసమును కొంచెము కొంచెముగా త్రాగించి, కాలు సాగదీసి, తండ్రివైపు తిరిగెను.

"ఏవండీ, ముందు వాణ్ని బాగా పడుకోనివ్వండి."

"ఇప్పుడా మాస్టారూ? ఇంకో రౌండుంది గదండీ!"

"ఇప్పుడు కాదండీ బాబూ. రాత్రిళ్లు!"

తరువాత ఆ సజ్జనుడు చెట్టు క్రింద పావుగంట సేపు చెప్పినది నేనును వింటిని. ఈ వయసు పిల్లలకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. పెరుగుదలకు హేతువైన గ్రంథిస్రావము గాఢనిద్రలోనే మిక్కుటముగ వెలువడును. ఎండకు దేహ మలవాటు పడుటకు పదిదినములనుండి రెండువారములు పట్టును గాన మొదటి వారము సగము పనియే చేయింపవలెను. పొద్దెక్కిన పిదప మైదానము విడువవలెను. కెఫీను నింపిన శక్తిపానీయములు పిల్లలకు తగవు. మజ్జిగ, కొబ్బరినీళ్లు చాలును. వారమున కొకనాడు పూర్ణవిశ్రాంతి యుండవలెను. ఆడపిల్లలైనచో ఆకుకూరలు, బెల్లము, నువ్వులు మఱవక రక్తమున ఇనుము తగ్గకుండ చూచుకొనవలెను. తండ్రి యీ చివరి వాక్యమును గూడ శ్రద్ధగా వ్రాసికొనెను, ఆయనకు కూతుండ్రు లేకున్నను.

ఈయనకు పుత్రవాత్సల్యము లేదని పలుకువాడు అబద్ధీకుడు. ఆ నెలరోజులును కొడుకుకంటె ముందు లేచినవాడు ఆయనయే. పిక్క పట్టిన రాత్రి చేత నూనె రాచి, నిద్రించుచున్న వాని కాలు తన తొడపై నుంచుకొని కూర్చుండినవాడును ఆయనయే. ఆయన లోప మెల్ల ఖాతాపుస్తకమునందున్నది. రౌండ్లకు ఒక గడి, గ్రుడ్లకు ఒక గడి, స్కూపులకు ఒక గడి, తూనికకు రెండు గడులు. నిద్రకు గడి లేదు. నీటికి లేదు. ఏమియు చేయక పిల్లవాడు గోడ కానుకొని కూర్చుండు దినమునకు అసలే లేదు. ఎదురింటివారికి చూపుటకు వీలుకాని దానిని సరకుగా అంగీకరింపని వ్యాపారమున ఆయన తల నెరసినది. పడుకొనియున్న కొడుకు ఆయన కంటికి అమ్ముడుపోని బస్తాయే.

అయినను కొంత మేలు ఆయన కెఱుకపడకయే జరుగుచుండెడిది. మధ్యాహ్నము రెండు మొదలు అయిదువఱకు తండ్రి ఏసీ గదిలో గుఱ్ఱు పెట్టునపుడు, నాయనమ్మ మనుమనికి మజ్జిగన్నమున మామిడికాయ పప్పు నంజుకొనబెట్టి, తాటిముంజలు ఒలిచి యిచ్చి, చేతికొక సున్నుండ పెట్టి, చాపపై పడుకొనబెట్టి విసరెడిది. జూన్ మొదటి వారమున వాడు నాలుగువందల మీటర్లను మునుపటికంటె శీఘ్రముగ ముగించెను. తండ్రి యా ఘనతను నల్లడబ్బా ఖాతాలో జమకట్టి, రెండవ డబ్బా కొనెను.

వ్యాయామోపాధ్యాయుని మాటను సయితము ఆయన మన్నింపకపోలేదు. ఆదివారము పరుగు మాన్పించినాడు. ఆ దినము ఖాళీగా నున్నది గదా యని కుమారుని ఈతకు చేర్చినాడు. ఉదయము ఆరు గంటల బ్యాచి. రుసుము ముందుగనే చెల్లించినాడు.