తవుడుకి కొన్న పిల్లలకు పాఠాలెందుకు?

మన దేశంలో పిల్లలు ఎలా పుడతారన్నది పరమ రహస్యం. జనాభాలో చైనాను దాటేసి ప్రపంచంలో మొదటి స్థానం కొట్టేశాక కూడా రహస్యమే. నూటనలభై కోట్ల మందిని కని, పెంచి, పెళ్లిళ్లు చేసి కూడా ఆ ఒక్క ముక్క బయటికి పొక్కనీయని ఘనత మనది. అంతటి రహస్యాన్ని బడిలో నల్లబల్ల మీద రాసెయ్యమంటే పెద్దలకు కోపం రాదూ మరి?

ఆ కోపానికి కారణం యునెస్కో అచ్చేసిన ఒక పుస్తకం. బడుల్లో లైంగిక విద్య ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు అందులో ఉన్నాయి. మొదటి ముద్రణ 2009 డిసెంబర్‌లో వచ్చింది, సవరించిన ముద్రణ 2018 జనవరిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లాంటివి కూడా ఇందులో చెయ్యి వేశాయి. మొదట ఆరు అంశాలుండేవి, సవరణలో ఎనిమిదయ్యాయి. ఆడా మగా తేడాల పేరుతో జరిగే అన్యాయం గురించి ఒకటి, హింస నుంచి తమను తాము కాపాడుకోవడం గురించి ఒకటి విడిగా వచ్చి చేరాయి. ఈ మధ్యకాలంలో పిల్లల చేతికి ఫోన్ వచ్చింది కాబట్టి ఆ సంగతీ చేర్చారు. ఏ దేశమూ దీన్ని పాటించి తీరాలన్న నిబంధన లేదు. మీ ఊరికి, మీ పద్ధతులకు తగ్గట్టు మార్చుకోండని రాసినవాళ్లే చెప్పారు. అయినా మనవాళ్లు చదవలేదు. చదివితే పాడైపోతామని భయం కాబోలు.

వాళ్లు మొదటి ముద్రణ తెచ్చిన 2009లోనే ఢిల్లీలో మనమూ ఒక నివేదిక తెచ్చాం. 2005లో కేంద్రం మొదలుపెట్టిన కౌమార విద్యా కార్యక్రమం మీద గొడవలు రేగి, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు దాన్ని బడి గడప తొక్కనీయలేదు. వ్యవహారం రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకొచ్చింది. అధ్యక్షులు మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు. కమిటీ తేల్చిందేమిటంటే, బడుల్లో లైంగిక విద్య మన సంస్కృతికి సరిపడదు. పెళ్లికి ముందు అలాంటివి తగవని పిల్లలకు చెబితే చాలు. కౌమారంలో శరీరమూ మనసూ ఎలా ఎదుగుతాయో చెప్పే పాఠాన్ని, ఎయిడ్స్ పాఠాన్ని ఇంటర్ కంటే ముందు పెట్టకూడదు. శరీరం మాత్రం ఆ నివేదిక చదవకుండానే పదకొండో ఏట మారడం మొదలుపెడుతోంది. ఇంటర్‌లో సీటొచ్చేదాకా ఆగే క్రమశిక్షణ దానికి బొత్తిగా లేదు.

కమిటీ పెద్దల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. లైంగిక విద్యకు మన సంస్కృతిలో చోటు లేదన్నారు చూడండీ, అది మనకు జరిగిన అన్యాయం. ఐదో ఏడు నుంచి పెళ్లిపీటల దాకా ఒక్క సెలవు కూడా లేకుండా నడిచే లైంగిక విద్య మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అచ్చు వెయ్యలేదంతే. యునెస్కో వాళ్లు ఈసారి సవరణకు కూర్చుంటే పనికొస్తుందని, వాళ్ల వయసుల పట్టిక ప్రకారమే మన సిలబస్‌ను ఇక్కడ పెడుతున్నాను.

5 నుంచి 8 ఏళ్లు

వాళ్ల పుస్తకం ఏమంటుంది? శరీర భాగాలకు పేర్లు చెప్పండి. నీ శరీరాన్ని ఎవరు ముట్టుకోవచ్చో ఎవరు ముట్టుకోకూడదో చెప్పే హక్కు నీదేనని నేర్పండి. ఎవరైనా ఇబ్బంది పెడితే నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పమనండి.

మన సిలబస్ ఇంకా సమగ్రం. "నేనెక్కణ్ణించి వచ్చానమ్మా?" అంటే "నిన్ను తవుడు పోసి కొన్నాం" అంటాం. చెడ్డీ లేకుండా తిరిగితే "షేమ్ షేమ్" అని చప్పట్లు కొడతాం. ఇంటికొచ్చిన చుట్టం ముద్దు పెట్టమంటే, పిల్ల మొహం తిప్పుకున్నా సరే "అంకుల్‌కి పెట్టమ్మా, తప్పు, అలా అనకూడదు" అని బుగ్గ పట్టుకుని మరీ పెట్టిస్తాం. మేనత్త కొడుకు గడపలో కాలు పెడితే ఆరేళ్ల పిల్లతో "నీ మొగుడొచ్చాడే, మంచినీళ్లివ్వు" అంటాం. ఆ పిల్ల సిగ్గుపడితే ఇల్లంతా ఒకటే నవ్వు. లైంగిక విద్యకు వయసు చాలదని ధర్నాకు వెళ్లే మావయ్య ఆ నవ్వేవాళ్లలో ముందుంటాడు.

ఇక శరీర భాగాలంటారా, మనకు ఉన్నది ఒకటే పేరు: "అక్కడ". అక్కడ నొప్పి, అక్కడ దురద, అక్కడ ముట్టుకున్నాడు. ఎక్కడ అని అడిగితే పిల్ల దగ్గర మాట లేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల మీద అఘాయిత్యాల గురించి అధ్యయనం చేయించింది. లైంగిక వేధింపులు ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నామని సగానికి పైగా పిల్లలు చెప్పారు. ఆడపిల్లలతో సమానంగా మగపిల్లలూ చెప్పారు. ఆ పని చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. ఈ లెక్కలో పైవరసన నిలిచిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. "వద్దు" అనడం నేర్పలేదు, చెప్పుకోవడానికి మాట ఇవ్వలేదు, పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని మాత్రం గట్టిగా నేర్పాం. పిల్లలు నేర్చుకున్నారు.

9 నుంచి 12 ఏళ్లు

నెలసరి రాకముందే దాని గురించి చెప్పండి, మగపిల్లలకూ చెప్పండి అంటుంది పుస్తకం. చెప్తే ఏం బావుంటుంది? మన పద్ధతిలో ముందు పిల్ల భయపడాలి. ఏదో జబ్బు చేసింది, చచ్చిపోతానేమో అని ఏడవాలి. తర్వాత మూల కూర్చోబెట్టాలి, కంచం వేరు, చాప వేరు. చిమ్మిలి తినిపించాలి. ఆపైన ఫంక్షన్ హాల్ మాట్లాడాలి.

ఈ ఫంక్షన్ సంగతి యునెస్కో వాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో. వాళ్లు అడిగేది నాలుగు గోడల మధ్య, నలభై మంది పిల్లలకు, ఒక టీచర్ నెమ్మదిగా చెప్పే పాఠం. మనం ఊరి సెంటర్లో పదిహేను అడుగుల ఫ్లెక్సీ కడతాం. నడుమ ఏడో తరగతి పిల్ల ఫొటో, చుట్టూ మేనమామలు, పైన స్థానిక ఎమ్మెల్యే, కింద శుభాకాంక్షలతో కుర్రకారు. ఆటోస్టాండ్ మొత్తానికి ఆ పిల్ల శరీరంలో ఏం జరిగిందో తెలుసు. ఆ పిల్లకే తెలియదు. మర్నాడు బడికెళితే, మగపిల్లలను బయటికి పంపి, తలుపు వేసి, గుసగుసగా ఒక ప్యాడ్ ఇస్తారు. మందుల షాపువాడు ఆ ప్యాకెట్‌నే న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెడతాడు. బంతి భోజనాలు పెట్టి చాటిన విషయాన్ని నల్ల కవర్లో దాచే నేర్పు మనకు తప్ప ఎవరికుంది?

12 నుంచి 15 ఏళ్లు

ఈ వయసులో ఇష్టం అంటే ఏమిటి, బలవంతం అంటే ఏమిటి, ఫోన్లో కనిపించేదానికీ నిజానికీ తేడా ఏమిటి, గర్భం ఎలా వస్తుంది, రాకుండా ఎలా చూసుకోవాలి అన్నవి చెప్పమంటారు వాళ్లు.

మన టీచర్ పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం తీస్తారు. అమీబా రెండుగా చీలడం, హైడ్రాకు మొగ్గ రావడం, మందారపువ్వులో పుప్పొడి ప్రయాణం, అన్నీ రంగుసుద్దలతో బొమ్మలు వేసి చెప్తారు. మనిషి వంతు వచ్చేసరికి "ఇది ఇంట్లో చదువుకోండి" అంటారు. తప్పు ఆవిడది కాదు. చెప్తే ఏ తండ్రి ఏ వీడియో తీసి ఎక్కడ పెడతాడో అన్నది ఆవిడ భయం.

అదే తండ్రి స్కూల్ వార్షికోత్సవంలో ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తాడు. మూడో తరగతి పిల్లలు ఐటమ్ పాటకు నడుం తిప్పుతుంటే ఈలలు. ఆ పాటకు అర్థం అడిగితే మాత్రం పిల్లలు పాడైపోతారు. మిగిలిన పాఠం సినిమా చెబుతుంది. అమ్మాయి వద్దంటే వెంటపడాలి, మళ్లీ వద్దంటే బస్సెక్కాలి, చెంపదెబ్బ కొడితే పాట అందుకోవాలి. ఇంటర్వెల్ దాటాక ఒప్పుకుంటుంది. మరీ లోతైన సందేహాలకు ఫోన్ ఉండనే ఉంది. పరీక్ష లేదు, హాజరు లేదు, ప్రశ్న అడిగితే సిగ్గు లేదు. అసలు ఆ బోధకుడికి ముఖమే లేదు.

15 నుంచి 18 ఏళ్లు

ఇక్కడ మన విధానం పరాకాష్ఠకు చేరుకుంటుంది. ఆడపిల్లలకు ఒక క్యాంపస్, మగపిల్లలకు ఇంకో క్యాంపస్. మధ్యలో గోడ, గోడ మీద కెమెరా. రెండేళ్లపాటు మాట కూడా లేకుండా ర్యాంకులు తెచ్చుకుంటే, ఆ తర్వాత మనుషులతో మెలగడం దానంతటదే వచ్చేస్తుందని నమ్మకం.

ర్యాంకు రాని ఆడపిల్లకు ఇంకో దారి ఉంది: పెళ్లి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 6.8 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. పదహారేళ్ల పిల్లకు గర్భం ఎలా వస్తుందో చెబితే పాడైపోతుంది. గర్భమే తెప్పిస్తే శుభం కార్డు.

ఇక చట్టం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ల ఇష్టానికి చట్టంలో విలువ లేదు. ఇద్దరూ ఇష్టపడి ఊరు దాటినా కేసు కేసే. ఈ సంగతి కుర్రాడికి మొదటిసారి వివరించి చెప్పే గురువు ఎస్సైగారు. పాఠం స్టేషన్లో జరుగుతుంది, ఫీజు బెయిలు రూపంలో కట్టాలి. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక పోక్సో తీర్పులో లైంగిక విద్య విదేశీ సరుకన్నది అపోహేనని చెప్పి, సమగ్రంగా నేర్పే ఆలోచన చెయ్యమని కేంద్రానికి సూచించింది. కోర్టు కూడా పాడైపోయిందన్నమాట.

సిలబస్ అయిపోయింది. ఇక అభ్యంతరాల సంగతి చూద్దాం.

మొదటిది, చెబితే చేస్తారు. 2018 సవరణ ముందు ఈ ప్రశ్నే వేసుకుని ఆధారాలన్నీ వెతికారు. 22 సమీక్షలు, వేర్వేరు దేశాల్లో జరిగిన 77 నియంత్రిత ప్రయోగాలు ముందు పెట్టుకుని చూస్తే, ఈ పాఠాల వల్ల పిల్లలు తొందరపడటం పెరగలేదు. జాగ్రత్త పెరిగింది. "వద్దు, తప్పు" అని మాత్రమే చెప్పే పాఠాలే పనిచెయ్యలేదు. దీనికి మన దగ్గరున్న ఎదురు ఆధారం ఒకే ఒక్క వాక్యం: "మాకెవరు చెప్పారు, మేం పిల్లల్ని కనలేదా?" కన్నారు, కాదనలేదు. ఎనిమిది మందిని కన్నారు. ఎందరు పురిటిలో పోయారో, ఎందరు ఆడవాళ్లు ఏ బాధా ఎవరికీ చెప్పుకోలేక పోయారో కూడా లెక్కలో వెయ్యండి.

రెండోది, మన సంస్కృతి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చు వేయించింది. అశ్లీలమని నిషేధించింది ఎవరు? తెల్లదొరల ప్రభుత్వం. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం అధికారంలోకి రావాల్సి వచ్చింది. మన ఆడమనిషి రాసిన కావ్యానికి సిగ్గుపడటం నేర్పింది లండన్. ఆ పాఠాన్ని మాత్రం ఒక్క అక్షరం పోకుండా అప్పజెబుతూ, విదేశీ మార్గదర్శకాలు మాకొద్దంటున్నాం.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనరు, కానీ నిజంగా ఉన్నది అదొక్కటే: చెప్పడానికి మాకు రాదు. ఇది ఒప్పుకోదగ్గ మాట. అందుకే శిక్షణ కావాలి. 2020లో కేంద్రం బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తయారుచేసే పథకం పెట్టింది. రాయబారులు దొరికారు. మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టి, ఓటర్ల జాబితా సవరించి, మిగిలిన తీరికలో రాయబారం నడపమన్నారు. కాగితం మీద పథకం ఉంటే పాఠం జరిగినట్టేనని నమ్మే జబ్బు మన ఒక్కరిదే కాదులెండి. యునెస్కో 2021 నివేదిక చూసిన 155 దేశాల్లో 85 శాతం దేశాలకు దీనిమీద ఏదో ఒక విధానమో చట్టమో ఉన్నాయి. అక్కడి తరగతి గదుల్లోనూ టీచర్లు గొంతు సవరించుకుంటూనే ఉంటారు.

కాబట్టి సంస్కృతి రక్షకులకు నాదొక మనవి. నిషేధమే కావాలంటే పూర్తిగా నిషేధించండి. ఫ్లెక్సీ దింపండి, ఐటమ్ పాట ఆపండి, "నీ మొగుడొచ్చాడే" అన్న అత్త నోరు మూయించండి, పిల్లాడి ఫోన్ లాక్కోండి, పదిహేడేళ్ల పిల్ల పెళ్లికి వేసిన షామియానా పీకండి. ఇవన్నీ చెయ్యగలిగితే టీచర్‌ని కూడా ఆపే హక్కు మీకుంది. చేతకాకపోతే ఆవిణ్ణి చెప్పనివ్వండి. ఊళ్లో అందరూ చెబుతున్న పాఠాన్ని, చదువుకుని వచ్చిన మనిషి ఒక్కరే చెప్పకూడదన్న నియమం ఈ సబ్జెక్టుకు తప్ప మరి దేనికీ లేదు.