నోరు పూసిందా? ఈ సలహాలు వినకండి

మా చెరుకుపల్లిలో నోరు పూసిందంటే మందుకన్నా ముందు సలహాలు వస్తాయి. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ కొన్ని సలహాల చాటున రోగనిరోధక వ్యవస్థ జబ్బులు నెలల తరబడి దాక్కుంటాయి. వినకూడని సలహాలు ఇవీ.

1. "వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు."
మామూలు పూత సబ్జా తాగినా, తాగకపోయినా వారం పది రోజుల్లో మానుతుంది. రెండు వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించాలి. మాటిమాటికీ నోరు పూస్తూ, మర్మాంగాల దగ్గర పుండ్లు, కళ్లలో ఎరుపు, నొప్పి కూడా ఉంటే బెషెట్ వ్యాధేమో చూడాలి. ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలని 1937లో టర్కీ చర్మవైద్యుడు హులూసి బెషెట్ చెప్పాడు. సిగ్గుపడి ఒకటి దాచితే, మిగతా రెండూ డాక్టరుకు విడివిడి జబ్బుల్లా కనిపిస్తాయి.

2. "బీకాంప్లెక్స్ వేసుకో. తగ్గకపోతే ఇంజెక్షన్ చేయించుకో."
బీ12 తక్కువైనా నోరు పూస్తుంది, నిజమే. కానీ నీటి పొక్కులు లేచి, చిట్లి, పచ్చిపుండ్లుగా మిగిలితే అది పెంఫిగస్ కావచ్చు. ఇందులో కణాలను అంటిపెట్టే జిగురు మీద ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేస్తాయి. చాలామందికి ఇది నోట్లోనే మొదలై, నెలల తర్వాత ఒంటిమీదికి వస్తుంది. జబ్బేమిటో తెలియకుండా వేయించుకున్న ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయితే పుండు కొన్నాళ్లు సద్దుమణుగుతుంది, జబ్బు మాత్రం పోదు.

3. "వయసు మీద పడింది, నోరు ఎండదా మరి?"
నీళ్లు లేకుండా ముద్ద దిగకపోవడం, కళ్లలో ఇసుక పడ్డట్టుండడం, చిగురు అంచున పళ్లు పుచ్చడం కలిస్తే జోగ్రెన్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. 1933లో స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ జోగ్రెన్ దీన్ని వివరించాడు. బాధితుల్లో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే. షుగరు వల్ల, కొన్ని మందుల వల్ల కూడా నోరు ఎండుతుంది. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, వాటిని డాక్టరుకు చూపించండి.

4. "కారం మానెయ్, మంట అదే పోతుంది."
కారం తగ్గిస్తే మంట తగ్గుతుంది. బుగ్గల లోపలి తెల్లటి వలలాంటి గీతలు మాత్రం పోవు. అవి లైకెన్ ప్లానస్ గుర్తు కావచ్చు. కొద్దిమందిలో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది కాబట్టి పరీక్షలు మానకూడదు. గుట్కా, వక్క అలవాటుండి, మంటతోపాటు నోరు పూర్తిగా తెరుచుకోకపోతే అది వేరే జబ్బు. దానికీ డాక్టరే దిక్కు.

5. "నొప్పి లేదుగా, వదిలెయ్."
అంగిలి మీద నొప్పిలేని పుండు లూపస్‌కు గుర్తు కావచ్చు. ఎండకు బుగ్గలు ఎర్రబడడం, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం తోడైతే అసలు ఆలస్యం చేయకండి.

మరి చేయాల్సిందేమిటి? పగటి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. కళ్లు, చర్మం, కీళ్ల బాధలు కూడా తేదీలతో రాసుకోండి. ఆ కాగితంతో ముందు దగ్గర్లోని పళ్ల డాక్టరును కలవండి. అవసరమైతే గుంటూరు పెద్దాసుపత్రికో, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో వెళ్లండి.

ఈసారి ఎవరైనా నోరు పూసిందంటే చిట్కా చెప్పేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎన్నాళ్లయింది? ఒంట్లో ఇంకెక్కడైనా బాధ ఉందా?