వడ్డించేవాళ్లూ మనవాళ్లే

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇప్పుడు ఆ బెంగ కూడా అక్కర్లేదు. బంతిలో కూర్చున్నవాళ్లే లేచి ఒకరికొకరు వడ్డించుకుంటారు. దీని పేరు పీర్ అసెస్‌మెంట్. జట్టులో ఎవరెంత పనిచేశారో జట్టువాళ్లే తేల్చి మార్కులేస్తారు. అయ్యవారు కూడిక చేసి సంతకం పెడతారు.

కంబదూరు నుంచి అనంతపురం వెళ్లి చదివే ఐదుగురి జట్టును ఊహించుకుందాం. డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది కదా, దానికీ కాలేజీ ఈ మార్కుల ఫారం తగిలించిందనుకుందాం. అంశం: వేరుశనగ రైతుల అప్పులు. ఒకమ్మాయి ఎండలో ఇంటింటికీ తిరిగి, "బోరు ఎన్నడుగులు ఏయించినావు పెద్దయ్యా?" అని అడిగి కాగితాలు నింపుకొస్తుంది. ఒకడు టైపు చేస్తాడు. ఒకడు స్పైరల్ బైండింగుకు డబ్బులిస్తాడు. ఇంకొకడు మోటారుసైకిలిస్తాడు, తాను మాత్రం రాడు. ఐదోవాడు ఫొటోలో ఉంటాడు, అదీ నడిమధ్యలో. చివర్న ఫారం వస్తుంది: సహకారం, బాధ్యత, సమయపాలన, నాయకత్వం, ఒక్కోదానికి ఐదు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒకటే ఆదేశం: "అందరికీ ఐదే ఎయ్యండ్రా."

ఆ అమ్మాయి నిజం రాయొచ్చు కదా అని పెద్దలు అడుగుతారు. రాయొచ్చు. కాకపోతే ఐదోవాడి పెదనాయన బోరు నుంచే అమ్మాయి వాళ్ల చేనికి తడి రావాలి. ఫారం మీద "గోప్యం" అని అచ్చేస్తే సరిపోతుందా? ఐదుగురే ఉన్న జట్టులో రెండు మార్కులెవరు వేశారో కనుక్కోవడానికి సీఐడీ రావాలా?

ఖర్చు లేని చోట మార్కులు ఎలా పండుతాయో ఆంధ్రప్రదేశ్ ఓసారి చూసింది. పదో తరగతిలో ఇరవై ఇంటర్నల్ మార్కులు పెడితే ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై ధారాళంగా పోశాయి. 2019లో ప్రభుత్వం ఆ ఇరవైనే ఎత్తేసింది. అక్కడ వేసింది గురువులు. ఇక్కడ వేసేది స్నేహితులు, అంతే తేడా.

పీర్ అసెస్‌మెంట్ ఉత్త బూటకమని అనడానికీ లేదు. నాన్సీ ఫాల్చికోవ్, జూడీ గోల్డ్‌ఫించ్ 2000లో 48 అధ్యయనాలను కలిపి చూస్తే విద్యార్థుల మార్కులు అధ్యాపకుల మార్కులకు బాగానే దగ్గరగా వచ్చాయి. అయితే పనిని మొత్తంగా చూసి వేసినప్పుడే ఎక్కువ కుదిరాయి, గడులు పెంచి ముక్కలుగా వేయించినప్పుడు తగ్గాయి. మన కాలేజీలు శ్రద్ధగా పెంచుతున్నది ఆ గడులనే. ఇంజినీరింగు కోర్సులకు ఎన్‌బీఏ గుర్తింపు రావాలంటే జట్టు పనిలో సామర్థ్యం చూపాలి, చూపాలంటే ఫైలు కావాలి, ఫైలుకు ఫారాలు కావాలి. ఐదోవాడు ఇంజినీరింగులో చేరినా ఆ ఫైలులో నాయకుడే.

గుంపులో కలిస్తే మనిషి బద్ధకిస్తాడన్నది పాత సంగతే. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లో అచ్చువేసిన ప్రయోగాల్లో, ఎనిమిది మంది కలిసి తాడు లాగితే ఒక్కొక్కరూ ఒంటరిగా లాగేదానిలో సుమారు సగమే లాగారు. ఇది అనంతపురానికి ఫ్రాన్సు వాళ్లు చెప్పనక్కర్లేదు. ఉపాధి హామీ దేశంలో మొదలైందే ఈ జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. గుంపుగా కందకం తవ్వితే టేపు పెట్టి కొలిచి, దాన్నిబట్టి కూలి లెక్కగడతారు. పార పక్కన పెట్టి కూర్చున్నవాణ్ని గట్టు మీదే, అందరి ముందే కడిగేస్తారు. అక్కడా దొంగ మస్టర్లు లేకపోలేదు. అందుకే సామాజిక తనిఖీ పెట్టి ఊరందరి ముందు లెక్కలు చదివారు. అంతేగానీ, గుంత ఎంత లోతుందో తవ్వినవాళ్లనే ఒకరికొకరు మార్కులేసుకోమని ఎవరూ అనలేదు.

కాలేజీలో టేపు పట్టేవాడు అధ్యాపకుడే. ఐదోవాణ్ని పిలిచి, ఏ ఇంటికెళ్లావు, ఆ రైతుకు బ్యాంకులో ఎంత, షావుకారు దగ్గరెంత అని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకోవడానికే కదా ఇంత శాస్త్రం!

ఈ పద్ధతి బడికీ దిగుతోంది. పిల్లల ప్రగతి పత్రంలో స్వీయ మూల్యాంకనంతోపాటు తోటి పిల్లల మూల్యాంకనమూ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అక్కడ మాత్రం కాస్త ఆశ ఉంది. మూడో తరగతి పిల్లవాణ్ని అడిగితే, "వీడేం చెయ్యలా సార్, నా రంగు పెన్సిళ్లు కూడా ఇరగ్గొట్టినాడు" అని లేచి నిలబడి చెప్తాడు. డిగ్రీకొచ్చేలోపు ఆ అలవాటు మాన్పించడానికి బోలెడు సమయం ఉంది.