గరిక కాండ

హైదరాబాదు శివార్లలో డూప్లెక్సు కొనుక్కున్న రిటైర్డ్ ఇంజనీరు గారికి బిల్డరు ఇంటితోపాటు అప్పగించింది నున్నటి లాను. పువ్వు లేదు, కాయ లేదు, కుర్చీ వేసుకుందామంటే నీడ లేదు. చూసి ఆనందించాలట, తొక్కకూడదట. వేసవిలో మాత్రం ఇంట్లోవాళ్ల కంటే ముందు దానికే ట్యాంకరు నీళ్లు పట్టాలి.

లాను పుట్టుకే అలాంటిది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషాయన గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్నిబట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఆయనకా ఊహ వచ్చిందంటారు. బట్టల మిల్లులో పుట్టిన బుద్ధి కనక, ఆ నేల బట్టలారేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకపోవడంలో వింతేమీ లేదు.

ఇంజనీరు గారు గ్రాఫు కాగితం తీశారు. కాలవలకి లెవెళ్లు చూసిన మనిషికి మొక్కలొక లెక్కా? ఇల్లు ఇరవై అడుగుల ఎత్తు, లాను దానికి ఉత్తరాన. జూన్ మూడో వారంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి లానంతా ఎండే. డిసెంబరుకి దక్షిణానికి దిగిపోతాడు; అప్పుడు ఇంటి నీడ మధ్యాహ్నం పూట కూడా 17 అడుగులు ముందుకు పాకుతుంది. సంక్రాంతికి బంతి పూయలేదని నర్సరీవాణ్ణి తిట్టేవాళ్లెవరూ ఈ లెక్క చూసుకోరు. ఈయన చూసుకున్నారు. బంతీ గులాబీ నీడ దాటాక, ఫెర్నులూ తమలపాకు తీగా నీడలో. వేలెత్తి చూపడానికి వీల్లేని ప్లాను.

దాన్ని ఇంట్లోవాళ్లకి చూపించారు.

"ఈశాన్యంలో మామిడేమిట్రా, బరువు కాదూ!" అన్నారు తల్లిగారు. మామిడి వాయవ్యానికి నడిచింది. పాలు కారే చెట్టు ఇంట్లో పనికిరాదన్నారు. ఫైకస్ కొట్టేశారు. "మరి పూజకి నందివర్ధనం ఉండాలి" అన్నారు. నందివర్ధనం ఆకు తుంచినా బొటబొటా పాలే కదమ్మా అంటే, "దేవుడి మొక్కకి వంకలు పెట్టకు" అని కేసు కొట్టేశారు. ఇల్లాలు కాగితమంతా వెతికి, "ఏమండీ, గోంగూర ఎక్కడండీ?" అంది. ఇక నర్సరీ ఆయన గోడ పొడుగునా కోనోకార్పస్ వేయమన్నాడు, ఏడాది తిరక్కుండా ఇల్లు కనబడదని హామీ. గుజరాత్‌లో 2023లో దాన్ని నిషేధించారయ్యా అంటే, "మనది గుజరాత్ కాదు గద సార్" అన్నాడు. తర్కానికి లోటు లేదు.

తోట పెట్టడానికి ముందు గడ్డి పోవాలి. అట్టలూ పాత పేపర్లూ మందంగా పరిచి, తడిపి, పైన పశువుల ఎరువూ ఎండుటాకులూ కప్పితే వెలుతురందక గడ్డి చస్తుంది. అట్టలు మట్టిలో కలిసిపోతాయి. పద్ధతి మంచిదే. పేపర్లవాడికి వేయాల్సిన పేపర్లు పోయాయని ఇల్లాలు రెండురోజులు ముభావంగా ఉందంతే. బిల్డరు వేసిన మెత్తటి గడ్డి మర్యాదగా చచ్చింది కూడా. దాని చాటున కాపురముంటున్న గరికా తుంగా మాత్రం ససేమిరా అన్నాయి. గరికకి కణుపు కణుపుకీ వేరు. ముక్క మిగిలితే చాలు, మళ్లీ సంసారం మొదలు. తుంగ పీకితే పోచ చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. మాలి వచ్చి, చిన్న పారతో రెండుచోట్ల గీకి చూసి తేల్చేశాడు: "ఇది పోవాలంటే మనం పోవాలె సార్."

ఇంజనీరు గారు పట్టు వదల్లేదు. వానలు మొదలయ్యేసరికి ఉత్తరేణి, ఉమ్మెత్త, విష్ణుక్రాంత కూడా తలెత్తితే, ఒక్కోదాన్ని వేళ్లతో సహా తవ్వించి కంపోస్టు గుంతలో వేయించారు.

వినాయక చవితి ముందురోజు సాయంత్రం తల్లిగారు 21 పత్రుల జాబితా తీశారు. మామిడి ఉంది, దానిమ్మ ఉంది, తులసీ మరువం ఉన్నాయి. గరిక? ఉత్తరేణి? విష్ణుక్రాంత? ఉమ్మెత్త? కొడుకు గారు పీకించినవన్నీ వరసగా పూజావిధానంలోనే ఉన్నాయి. కంపోస్టు గుంతలోంచి తీసి దేవుడికి పెట్టలేరు కదా.

పక్కనే ఖాళీ ప్లాటు. ఓనరు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఎవరూ ఏ ప్లానూ గీయలేదు. ఇంజనీరు గారు లుంగీ ఎగ్గట్టి, టార్చి పట్టుకుని దిగారు. పది నిమిషాల్లో సంచి నిండింది, జిల్లేడుతో సహా.

ఇల్లాలు సంచిలోకి తొంగి చూసింది. "ఏమండీ, ఆ ప్లాటు అమ్ముతారేమో కనుక్కోకూడదూ?"