రెండు చక్రాలకు మాఫీ, నాలుగింటికి మొట్టికాయ

లైసెన్సు అక్కర్లేని బుల్లి కరెంటు కార్లు మన కర్నూలుకూ కడపకూ వస్తే ఎట్లుంటుందని ఒకాయన అడిగాడు. ఇందులో కొత్తేముందప్పా? మా సీమలో కరువంతా వానకే గానీ, లైసెన్సు లేకుండా తిరిగే బండ్లకు ఏనాడూ రాలేదు. ట్రాక్టరు తోలే పిల్లోణ్ణి లైసెన్సు ఏదిరా అని అడిగి చూడండి. వెనక ట్రాలీకి నంబరే లేదు, నాకెందుకన్నా అంటాడు.

అయినా ఫ్రాన్సువాళ్లను చూస్తే కొంచెం కడుపుమంటగానే ఉంటుంది. సిట్రోయెన్ కంపెనీ 2020లో ఆమీ అని ఓ బుల్లి కారు వదిలింది. రెండే సీట్లు, గంటకు 45 కిలోమీటర్ల వేగం, ఒకసారి చార్జింగ్ పెడితే 75 కిలోమీటర్లు. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలకు ఎనిమిది గంటల శిక్షణ ఇచ్చి తాళం చేతికిస్తారు. 1988కి ముందు పుట్టినవాళ్లకు ఆ శిక్షణ కూడా అక్కర్లేదు. వాళ్లది ఎనిమిది గంటలు, మనది ఎనిమిది అంకె. రవాణా ఆఫీసు మైదానంలో కాలు కింద ఆనకుండా ఎనిమిది వేసినవాడు పాసు. కొండారెడ్డి బురుజు దగ్గర్నుంచి పాతబస్తీ సందుల్లో గుంతను తప్పించి, బర్రెను చుట్టి, తోపుడుబండిని ఒరుసుకుంటూ ఇల్లు చేరేవాడు రోజూ ఎన్ని ఎనిమిదులు వేస్తున్నాడో ఏ ఇన్‌స్పెక్టరూ లెక్కపెట్టడు.

మన చట్టానికీ దయ లేకపోలేదు. మోటారు 250 వాట్లలోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే, అలాంటి రెండు చక్రాల కరెంటు బండిని మోటారు వాహనం కిందే లెక్కపెట్టరు. లైసెన్సు వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు. ఆ 25కి కంపెనీ వేసిన కళ్లెం విప్పి పెట్టే మెకానిక్కుల గురించి ఇక్కడ రాయను, వాళ్ల బేరం పెరుగుతుంది.

నా బాధ వేరే. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. మోకాళ్లు పట్టేశాయి, చేతిలో షుగరు మాత్రల చీటీ, నెత్తిన నలభై దాటిన మే నెల ఎండ. ఆయనకు చట్టం ఏం చెబుతోంది? పడిపోయే అవకాశమున్న రెండు చక్రాల మీద, గొడుగు కూడా లేకుండా, లైసెన్సు లేకపోయినా హాయిగా పోవచ్చు నాయనా అంటోంది. అదే 25 వేగానికి ఇంకో రెండు చక్రాలూ పైన ఒక కప్పూ చేర్చారో, ఏదీ లైసెన్సు అంటోంది. 2018లో కేంద్రం క్వాడ్రిసైకిల్ అనే నాలుగు చక్రాల బుల్లి బండిని సొంత వాడకానికీ ఒప్పుకుంది. ఒప్పుకున్నది బండిని మాత్రమే, లైసెన్సు మాఫీని కాదు. పడే బండికి మాఫీ, నిలబడే బండికి మొట్టికాయ.

ఇంకో వింత వినండి. 2001లో మన పక్కనున్న బెంగళూరులో రేవా అనే బుల్లి కరెంటు కారు పుట్టింది. ఇక్కడ అది కారే. ఓడెక్కి లండన్ పోయి జీ-విజ్ అని పేరు మార్చుకున్నాక, అక్కడి లెక్కల్లో అది కారు కాదు, క్వాడ్రిసైకిల్. కులం మారడానికి సముద్రం దాటితే చాలన్నమాట.

ఈ బండ్లొస్తే ముందు నష్టపోయేది సినిమావాళ్లు. సీమ అనగానే సుమోలు గాల్లోకి లేపడం అలవాటైపోయింది వాళ్లకు. ఇప్పుడు విలను కర్నూలులో ఆమీ ఎక్కి కడపకు బయల్దేరాడనుకోండి. దూరం సుమారు 200 కిలోమీటర్లు. నంద్యాలలో బ్యాటరీ అయిపోతుంది, అక్కడ నాలుగు గంటల చార్జింగ్. చాగలమర్రిలో ఇంకో నాలుగు గంటలు. వెంటపడిన హీరోదీ అదే కారు గనక అదే ప్లగ్గు దగ్గర వరసలో నిలబడాలి. టీ తాగుతారు, పొలాల రేట్లు మాట్లాడుకుంటారు, దువ్వూరు చేరేలోపు రాజీ. కడప చేరేసరికి పన్నెండు గంటల పైమాటే.

కరెంటుకు మాత్రం కొదవలేదు. మా గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి మా ఎండను కరెంటుగా మార్చి గ్రిడ్డుకు పంపుతోంది. కానీ అదే ఎండ ఆ బుల్లి కారులోని మనిషికి పడదు. ఆమీలో ఏసీ లేదు, హీటరు ఉంది. కర్నూలు మే నెలలో హీటరు! ఏసీ బిగిస్తే 75 కిలోమీటర్లలో ఎన్ని మిగులుతాయో నంద్యాల దాకా పోకుండానే తెలుస్తుంది.

హైవే ఎక్కితే అసలు నవ్వులాటే కాదు. బండి బరువు 500 కిలోలు కూడా ఉండదు. పక్కన పోయేది కడప బండల లారీ, వెనక వచ్చేది ఎర్రగుంట్ల సిమెంటు లారీ. చార్జింగ్ సంగతీ అంతే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. లైసెన్సు అడగనంత మాత్రాన బ్యాటరీ జాగ్రత్త అడగకుండా ఉండదు.

ఆ మాటకొస్తే లైసెన్సు అక్కర్లేని అసలైన బండి మన ఆర్టీసీ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు కూడా వద్దు. కాకపోతే అది పెద్దాయన సందులోకి రాదు.

అందుకే ఢిల్లీలోని రవాణా శాఖవారికి ఒక విన్నపం. లైసెన్సు పూర్తిగా ఎత్తేయమని అడగను, మావాళ్ల సంగతి నాకు తెలుసు. 25 దాటని నాలుగు చక్రాల బండికి, హైవే ఎక్కకూడదన్న షరతుతో, ఒకరోజు శిక్షణ ఇచ్చి ఊరి వరకు పనికొచ్చే లైసెన్సు ఇవ్వండి. కప్పు తెల్లగా ఉండాలి, కిటికీలు పూర్తిగా దిగాలి, హీటరు మీరే ఉంచుకోండి.