సప్పుడు ఏడికెళ్లి?

పాలమూరు జిల్లా 2016 అక్టోబరు 11న ముక్కలైంది. గద్వాల ఒక జిల్లా, వనపర్తి ఒక జిల్లా, నాగర్‌కర్నూల్ ఒక జిల్లా. కలెక్టరాఫీసులు వేరుపడ్డాయి, ఎస్పీ ఆఫీసులు వేరుపడ్డాయి. కారు కింది సప్పుడుకు కూడా మూడు జిల్లాల్లో మూడు పేర్లు వచ్చిన సంగతి మాత్రం ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు.

గద్వాలలో కాపురముండి వనపర్తిలో పాఠం చెప్పే ఒక సారును ఊహించుకోండి. (ఊహ దేనికి, పొద్దున్నే ఎర్రవల్లి చౌరస్తాలో నిలబడితే నలుగురు కనిపిస్తారు.) పాతబడిన చిన్న కారు. ముందు ఎడమ చక్రం దగ్గర లొటలొట. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే సప్పుడు మాయం. బీచుపల్లి వంతెన మీద కృష్ణమ్మకూ, ఒడ్డునున్న ఆంజనేయస్వామికీ దండం పెట్టుకుని, తగ్గిపోయిందనుకుంటాడు. పెబ్బేరులో వనపర్తి దారికి తిరుగుతాడో లేదో, మళ్లీ లొటలొట.

గద్వాల మెకానిక్ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి ఓ నొక్కు నొక్కాడు. “షాకబ్జర్లు పోయినయ్ సార్.” మారాయి. వనపర్తి మెకానిక్ చక్రం పట్టుకుని ఊపాడు. “గవి ఎవరు మార్చమన్నరు సార్? పోయింది లోయర్ ఆర్మ్.” అదీ మారింది. ట్రైనింగుకని నాగర్‌కర్నూల్ పోయినప్పుడు మూడో ఆయన స్టీరింగును ఇటూ అటూ తిప్పి, ముందు ఇద్దరి మీదా జాలిపడి, ర్యాక్ ఎండ్లు మార్చాడు. సారు కూడా తక్కువవాడేం కాదు. కొత్తవి వేశారో, పాతవే తుడిచి పెట్టారో ఎవరికెరుక అని, ప్రతిచోటా పాత సామాను అడిగి తీసుకుని గోనెసంచిలో కట్టి డిక్కీలో పడేశాడు.

సప్పుడు మాత్రం, ఎన్ని ప్రభుత్వాలు మారినా బదిలీ కాని గుమాస్తాలా, సీటు వదల్లేదు.

అదే పెబ్బేరులో శనివారం సంతకు పోయి చూడండి. ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, సుడులు చూస్తాడు. అంతటితో ఆగడు. నడిపిస్తాడు, మళ్లీ వెనక్కి తిప్పి నడిపిస్తాడు. కుంటు ఉంటే నడకలోనే బయటపడుతుందని ఆయనకు తెలుసు. ఎద్దుకు దక్కిన ఈ మర్యాద కారుకు దక్కదు. సప్పుడు నడిచేటప్పుడు వస్తుంది, పరీక్ష నిలబెట్టి చేస్తారు.

నిజానికి ఆ సప్పుడు తన చిరునామా మొదటి రోజే చెప్పింది, వినేవాళ్లే లేరు. ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్. దాని రెండు కొసలనూ చక్రాల వైపు పట్టి ఉంచేవి లింక్ రాడ్లు. రెండు చక్రాలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగితే కడ్డీ ఊరికే తిరుగుతుంది, లింకులకు పెద్దగా పని పడదు. నున్నటి హైవే మీద కారు మౌనం పాటించేది అందుకే. ఒక చక్రం తారు మీదా, ఇంకొకటి గుంతలోనూ పడ్డప్పుడే లింకు మీద బరువు పడుతుంది. దాని బాల్ జాయింట్ అరిగి ఉంటే అప్పుడు కొట్టుకుంటుంది.

మన దారుల్లో ఒక చక్రం కిందా ఒక చక్రం మీదా ఉండని రోజేది? వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, వాటి చుట్టూ కాపలా రాళ్లు. ఎదురుగా బస్సు వస్తే ఒక పక్క చక్రాలు తారు దిగాల్సిందే. కేజ్ వీల్స్ విప్పకుండా ట్రాక్టర్లు నడిచిన చోట తారు మీద కూడా సాళ్లు పడతాయి.

ఇక స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే లెక్క రాసిపెట్టింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, బండి 25 కిలోమీటర్ల వేగంతో మెల్లగా ఎక్కి దిగాలి. ఊళ్లో మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి పోసే గట్టుకు ఈ కొలతలు ఎవరు చెప్పాలి? దాన్ని జనం తిన్నగా ఎక్కరు, ఏటవాలుగా ఎక్కుతారు. అప్పుడు చక్రాలు ఒక్కొక్కటే లేస్తాయి. పాపం, మళ్లీ లింకు మీదే భారం.

పరీక్షలోనూ ఒక మోసం ఉంది. ఒక్క చక్రాన్నే జాకీతో లేపితే కడ్డీ మెలిపడి లింకును బిగపట్టి ఉంచుతుంది, ఊపినా ఆట తెలియదు. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. వనపర్తిలో ఇంకో ఘనకార్యం కూడా జరిగింది. చక్రం గాలిలో వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగించేశారు. బండి నేల మీదికి దిగగానే లోపలి రబ్బరు బుష్ మెలిపడి, ఏళ్ల తరబడి ఉండాల్సింది తొందరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు అని మాన్యువల్లు మొత్తుకుంటాయి. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, చాయ్ చల్లారుతున్నదన్న తొందర తెలుగులో ఉంటుంది.

చివరికి పెబ్బేరులో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన ఒకరు దొరికారు. చెయ్యి పెట్టలేదు, ప్రశ్న వేశాడు: “ఎప్పుడొస్తది సార్? బ్రేకు మీద కాలు పెడితే ఆగుతదా?” ఆగదన్నాడు సారు. అయితే బ్రేకు ప్యాడ్లు కావు. కారెక్కి గుంతల వీధిలో రెండు చుట్లు తిప్పాడు. లింక్ రాడ్ ఒక్కటి విప్పి పక్కన పెట్టి, మెల్లగా మళ్లీ తిప్పాడు. ముందు చక్రం దగ్గర చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. షాకబ్జర్ల ధరలో చిన్న వాటా పెడితే కొత్త లింకు వచ్చేసింది.

సారు గద్వాల దారి పట్టి నాలుగు గజాలు పోయాడో లేదో, వెనక నుంచి ధడధడ. ముఖం మాడ్చుకుని రివర్సు చేశాడు. పెద్దాయన డిక్కీ తెరిచి, గోనెసంచిని రెండు చేతులా లేపి, సారు ముందు నిలబడ్డాడు.

“మీ సప్పుడు ఇదిగో సార్. యాడ దించాలె?”